పాలెగాళ్ల సీమలో పాత కత్తుల కోసం

శుక్రవారం, కర్నూలు

తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ దిగీ దిగగానే మా బావమరిది అడిగిన మొదటి మాట: "బావా, ఇది పాలెగాళ్ల సీమ కదా. ఇంటికో కత్తి ఉండాలి. మరి ఇన్నేళ్లుగా ఇక్కడి నుంచి నాకు సరుకే రాదేం?"

అతను హైదరాబాద్‌లో పాత ఆయుధాల వ్యాపారం చేస్తాడు. లైసెన్సు ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాపారంలో సగం మందికి అది ఉండదు. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నూరేళ్లు దాటిన కత్తి పురావస్తువు. దాన్ని అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, ప్రైవేటు మనుషులెవరూ దాన్ని దేశం దాటించకూడదు. "విదేశీ పార్టీ ఉంది, కోట్లు ఇస్తాడు" అని ఎవరైనా అన్నారంటే అక్కడే లేచి వచ్చేయాలి.

దసరా అయిపోయి వారమే అయింది. పూజకని దించిన కత్తులు ఇంకా అటకెక్కి ఉండవని ఈ సమయం ఎంచుకున్నాం. కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగి, పాత ఊళ్లో నాకు తెలిసిన ఒక గుజిరీ అంగడికి తీసుకెళ్లాను. ఫ్యాన్ రెక్కలు, ఇత్తడి బిందెలు, పాత కుట్టుమిషన్ల మధ్యలోంచి అంగడాయన గోనెగుడ్డలో చుట్టిన కటారి ఒకటి తీశాడు. పిడికి రెండు నిలువు పట్టీలు, మధ్యలో పిడికిలి బిగించడానికి అడ్డకమ్ములు, ముందుకు మొన. గుద్దినట్టు పొడిచే ఆయుధం.

"టిప్పు సుల్తాన్‌ది సార్. మా నాయన కాలం నుంచి ఉండాది."

టిప్పు పేరు ఎందుకు వస్తుందో మాకు తెలుసు. 2023 మే నెలలో లండన్ వేలంలో టిప్పు పడకగది కత్తి 1 కోటి 40 లక్షల పౌండ్లకు పోయింది. మన లెక్కలో 140 కోట్ల పైమాట. టీవీల్లో ఆ వార్త చూసిన తర్వాత దక్షిణాదిలో తుప్పు పట్టిన ప్రతి ఇనుపముక్కా టిప్పుదే అయింది. నిజంగా ఆయన ఆయుధశాలకు చెందిన వాటిలో చాలావాటి మీద పులిచారలు ఉంటాయి. ఇక్కడ చారలు లేవు, పిల్లి గీతలైనా లేవు.

మా వాడు మాట్లాడకుండా జేబులోంచి భూతద్దం తీశాడు. కటారి మొత్తం చిన్న చిన్న గుంటలు. అన్నీ ఒకే లోతు, ఒకే సైజు, అడ్డకమ్ముల సందుల్లో కూడా. "చూడు బావా, అసలు తుప్పు ఇంత సమానంగా తినదు. చెమట తగిలిన చోట ఎక్కువ, నూనె నిలిచిన చోట తక్కువ, ఒరలో తడి చేరిన చోట మరీ లోతుగా తింటుంది. ఇది యాసిడ్‌లో ముంచి తీసిన పని." పట్టీ లోపలివైపు గ్రైండర్ గీతలు వరసగా కనబడ్డాయి. అతుకు దగ్గర గోరుతో గీకితే పైన రంగు లేచి, కింద వెల్డింగ్ మెరిసింది. అంగడాయన ఏమాత్రం తడబడలేదు. "మీకు తెలుసు కాబట్టి చెప్తాండా, రాజస్థాన్ నుంచి వచ్చింది. ఇంట్లో గోడకు బాగుంటాది, 2 వేలు ఇవ్వండి" అన్నాడు. గోడకు నిజంగానే బాగుంటుంది. కొత్తదాన్ని కొత్తదని చెప్పి అమ్మితే అది తప్పు కూడా కాదు. దెహ్రాదూన్‌లో 1943 నుంచి ఇలాంటి నమూనా కత్తులు చేసే కంపెనీ ఉంది, వాళ్ల సరుకు ప్రపంచమంతా పోతుంది. పేచీ అంతా టిప్పు పేరుతోనే.

సాయంత్రం హంద్రీ ఒడ్డున నడుస్తూ అతని ప్రశ్నకు జవాబు మొదలుపెట్టాను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగు చేస్తున్నాడని ఈస్టిండియా కంపెనీవాళ్లకు అనుమానం వచ్చింది. సోదా చేస్తే కోటలో, తోటల్లో, ఆఖరికి జనానా ఆవరణల్లో కూడా ఫిరంగులు పోతపోసే కొలుములు, మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును పట్టుకుని తిరుచినాపల్లి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ చేతికి వచ్చింది. అంత ఆయుధసామగ్రి దొరికిన ఊళ్లో ఇవాళ గుజిరీ అంగట్లో రాజస్థాన్ కటారి చూపిస్తున్నారు.

శనివారం, బనగానపల్లె మీదుగా కోయిలకుంట్ల

ఓర్వకల్లు రాళ్లు దాటి, బేతంచెర్ల నాపరాళ్ల దుమ్ము మింగుతూ బనగానపల్లె చేరాం. నవాబుల ఊరు. 1948 దాకా చిన్న సంస్థానం. పాత బంగళా బయట ఫొటోలు దిగేవాళ్లే తప్ప మాకు పనికొచ్చే మనిషి ఒక్కడూ దొరకలేదు. మామిడికాయల కాలం కూడా కాదు.

కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెలో మాత్రం ఈ ప్రయాణం మొత్తానికి సరిపడా చూశాం. స్నేహితుడి బంధువుల ఇల్లు. పూజగదిలో, పటాల కింద, ఎర్రటి గుడ్డ మీద తల్వారు. మొన నుంచి పిడి దాకా పసుపు కుంకుమ, మొనకు గుచ్చిన నిమ్మకాయ ఎండిపోయి గట్టిపడింది. ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి.

"ఇది మా మామ వాళ్ల మామ కత్తి నాయనా. నరసింహారెడ్డితో కలిసి తిరిగినోళ్లంట."

ఈ చుట్టుపక్కల ఆ మాట అనని ఇల్లు లేదు. కానీ కోయిలకుంట్లలో ఆ మాటను నవ్వి కొట్టిపారేయలేం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసింది ఇక్కడే. తలను 1877 దాకా కోటగుమ్మానికి వేలాడదీశారు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం దగ్గర మొదలైన తగవు అది.

"అవ్వా, పైకి తీసి చూడొచ్చా?" అని మా వాడు చెప్పులు బయటే విడిచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, తెల్ల గ్లౌజులు తొడుక్కున్నాడు. వేలిచెమటలో ఉప్పు ఉంటుంది, ముట్టుకున్న చోట రెండు వారాల్లో వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. అవ్వకు అదేదో మడి పద్ధతిలా తోచి బాగా నచ్చింది.

పిడి ఇనుముది. పైన గుండ్రటి బిళ్ల, పట్టు చాలా చిన్నది. నా చెయ్యి ఇరుక్కుంది. ఈ కాలం చేతులకు పాత తల్వారు పిడులు సరిపోవని చాలామంది "ఆడవాళ్ల కత్తి" అనేస్తారు. అది కాదు. బిళ్ల మణికట్టుకు తగిలేలా బిగించి పట్టుకోవాలి. అప్పుడు పొడవడానికి కాక లాగి నరకడానికి చెయ్యి కుదురుతుంది. పిడికీ అలుగుకీ, అంటే కత్తి రేకుకీ, మధ్య సందులోంచి నల్లటి లక్క తొంగి చూస్తోంది. పాత పద్ధతిలో పిడి బోలులో లక్క పోసి, వేడి మీద అలుగు దిగేసి అతికిస్తారు. నకిలీల్లో అక్కడ ఎంసీల్ దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. నిమ్మకాయ గుచ్చిన చోట నుంచి రసం కారి, అలుగు మీద బెత్తెడు మేర కుంకుమ చెదిరిపోయింది. ఆ బెత్తెడులో ఇనుము నున్నగా లేదు. గాలికి కదిలిన చెరువు నీళ్లలా సన్నటి వంకర గీతలు, నలుపూ తెలుపూ కలిసి. మా వాడు భూతద్దం పెట్టి, మళ్లీ తీసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టాడు. "ఉక్కు బావా. మూసలో కరిగించిన పాత ఉక్కు." వ్యాపారులు ఈ గీతలను జౌహర్ అంటారు. ఇనుపముక్కలనూ కట్టెబొగ్గునూ మట్టిమూసలో మూసి గంటల తరబడి కాచితే, 1.5 శాతం దాకా బొగ్గు పట్టిన ముద్ద వస్తుంది. దాన్ని తక్కువ వేడిలో ఓపిగ్గా సాగగొడితే లోపలి కార్బైడ్లు బారులు తీరి ఈ గీతలు పడతాయి. ఖనిజంలో వెనేడియం లాంటివి రవ్వంత ఉంటేనే బారులు సరిగ్గా తీరతాయని ఈమధ్య లోహశాస్త్రవేత్తలు తేల్చారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఈ ఉక్కు చేస్తుంటే పారశీక వర్తకులు వచ్చి కూర్చుని కొనుక్కుపోయేవారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు కళ్లారా చూసి రాశాడు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ పని తెలిసినవాళ్లు లేకుండా పోయారు.

గీతలు బయటపడింది పులుపు తగలడం వల్లే. సంగ్రహాలయాల్లో కొలతగా చేసే పనిని ఇక్కడ నిమ్మకాయ చేసింది. కాకపోతే నిమ్మకాయకు ఎక్కడ ఆగాలో తెలీదు. గీతల పక్కనే అప్పుడే నారింజరంగు తుప్పు మొదలైంది.

కోడలు తలుపు దగ్గర నిలబడి అడిగింది. "అన్నా, అమ్మితే ఎంత వస్తుంది? టీవీలో కోట్లు అన్నారు."

"కోట్లు పేరున్న కత్తులకమ్మా. దీనికి పేరు రుజువు చేసే కాగితం లేదు. కానీ ఉక్కు మంచిది, పిడి దీనిదే. లక్షకు తక్కువ ఎవరైనా అడిగితే ఇవ్వకండి."

నాకు తెలిసి ఏ వ్యాపారీ కొనబోయే చోట అలా చెప్పడు. అవ్వ వినపడనట్టే కూర్చుంది. కాసేపటికి, "అమ్మేది లేదులే, బువ్వ తినిపోండి" అంది. ఉగ్గాని కాదు, జొన్నరొట్టె, గోంగూర. మా వాడు తిని, వచ్చే ముందు అరగంట కూర్చుని ఆ తడి మరకను మెత్తటి గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె పలచగా రాసి ఇచ్చాడు. నిమ్మకాయను పక్కన పళ్లెంలో పెట్టుకోమని, ఇటుకపొడి, గరుకుకాగితం దగ్గరకు కూడా రానివ్వొద్దని కోడలికి చెప్పాడు. మెరిసేలా రుద్దిన పాత కత్తి విలువ సగానికి పడిపోతుంది, మళ్లీ దాన్ని బాగుచేసే దారి లేదు.

దారిలో మిగతా జవాబు చెప్పాను. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేసినప్పుడు ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30 వేల మంది సాయుధ బంట్లు ఉన్నారని కలెక్టరు థామస్ మన్రో లెక్క. ఏడేళ్లలో కోటలు పడగొట్టించి, బంట్లను చెదరగొట్టి, పాలెగాళ్లకు భరణాలు కట్టాడు. 1857 తిరుగుబాటు తర్వాత ఆయుధాలు లాగేసే చట్టం వచ్చింది, 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. కత్తికి కూడా లైసెన్సు. కొడగువాళ్లకు మినహాయింపు ఇచ్చారు, మనకు లేదు. అందుకే కొడగులో పాత కత్తులు ఇంటింటా దొరుకుతాయి, ఇక్కడ పూజగదుల్లో దాక్కున్నవే మిగిలాయి.

ఆదివారం, గండికోట

జమ్మలమడుగు దాటే ముందు ఒక చెక్‌పోస్టు. వెనక సీట్లో కొలతల కోసం మా వాడు తెచ్చుకున్న పాత తల్వారు పెట్టె ఉంది. తెరవమన్నారు. కానిస్టేబులు పిడి చూసి, మమ్మల్ని చూసి, "ఏ ఊరు సార్ మీది? ఏమన్నా గొడవలా?" అని నెమ్మదిగా అడిగాడు. కర్నూలు రిజిస్ట్రేషన్ కారులో కత్తి కనబడితే ఎవరైనా ముందు అడిగేది అదే. లైసెన్సు, కొనుగోలు రసీదు, కత్తి ఫొటో అంటించిన కాగితం అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో వదిలారు. 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న అలుగు, వంటకూ వ్యవసాయానికీ కానిది, ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. దానికి లైసెన్సు ఎక్కడెక్కడ తప్పనిసరో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది. కొనేముందు మీ ఊరి స్టేషన్‌లో అడిగి తెలుసుకోవడం మేలు.

జమ్మలమడుగు బస్టాండు పక్కన హోటల్లో ఒకాయన మమ్మల్ని పట్టుకున్నాడు. మా సంగతి అతనికి ఎలా తెలిసిందో ఏమో. ఫోన్లో ఫొటోలు. మట్టి అంటుకున్న కత్తి, పక్కన రాగి చెంబు. "పెమ్మసాని వాళ్ల కాలంది సామీ. పొలంలో తవ్వితే దొరికినాది. చెంబుకు బియ్యం కూడా లాగే గుణం ఉండాది." బియ్యం లాగే చెంబు, అంటే రైస్ పుల్లింగ్ మోసం, అనగానే మా వాడు కాఫీ సగంలో వదిలేసి లేచాడు. మట్టిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. గుప్తనిధుల పిచ్చితో సీమలో ఎన్ని గుళ్లు, పోరులో పోయిన వీరులకు నిలిపిన ఎన్ని వీరగల్లులు తవ్విపారేశారో లెక్క లేదు. ఆ కత్తి నిజమైనదే అయినా నేను కొననివ్వను.

కోటకు పోయే దారిలో వేపచెట్టు కింద ఒక వీరగల్లు నిలబడి ఉంది. సున్నం కొట్టి, బొట్లు పెట్టారు. దగ్గరకు పోయి చూస్తే వీరుడి కుడిచేతిలో తిన్నటి కత్తి, మొన వైపు పోయేకొద్దీ వెడల్పు. ఎడమచేతిలో బాకు. వంపు తిరిగిన తల్వారు కాదు. ఆ వంపు మొఘలుల కాలంలో దేశమంతా స్థిరపడింది. "శ్రీకృష్ణదేవరాయల కత్తి" అని వంపు తల్వారు అమ్మేవాళ్లు ఈ చెట్టు కిందికి వచ్చి ఒక్కసారి చూడాలి.

గండికోటలో పెన్న లోయ గురించి అందరూ రాస్తారు, నేను రాయను. నన్ను లాగింది టావెర్నియే రాసిన ఫిరంగుల కథ. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి నుంచి ఈ కోట గెలిచాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించి, మాయ్ అనే ఫ్రెంచివాడికి ఫిరంగులు పోయమని అప్పగించాడట. అన్నీ కరిగాయి గానీ ఒక గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు ఎంత ఊదినా కరగలేదని, చివరికి ఫిరంగి ఒక్కటీ తయారు కాలేదని రాశాడు. మాధవరాయస్వామి గుడి ముందు కూర్చుని ఇది చెబితే మా వాడు అన్నాడు: "ఆ విగ్రహాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో అని అడగబోయాను. నేనూ గుప్తనిధుల బ్యాచే అయిపోతున్నా."

సోమవారం, గుత్తి

తాడిపత్రిలో ఒక కమ్మరి కొలిమి దగ్గర ఆగాం. వాళ్ల తాత కాలంలో పాత కత్తులు తెచ్చిచ్చి కొడవళ్లు చేయించుకునేవాళ్లట. "మంచి ఇనుము సార్ అది, పదును నిలుస్తాది. ఒక కత్తికి రెండు కొడవళ్లు పడేవి." పాలెగాళ్ల 30 వేల మంది కత్తుల లెక్కలో కొంత ఇక్కడ తేలింది.

గుత్తిలో కొండ ఎక్కే ఓపిక లేక మురారిరావు కోటను కిందనుంచే చూసి, కొండ కింద ఇంగ్లీషువాళ్ల శ్మశానం దగ్గర ఆగాం. 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయిన మన్రోను ముందు ఇక్కడే పూడ్చి, తర్వాత మద్రాసు తీసుకెళ్లారు. ఈ ఊళ్లో మన్రో అంటే ఇప్పటికీ భక్తే.

మేం పోయిన ఇంట్లో కూడా అదే. తాత మంచం మీద కూర్చుని, మనవడి చేత గోడ మీది కత్తి దింపించాడు. "మన్రో దొరది. మా తాత ముత్తాతలు ఆయన కచేరీలో చేసినోళ్లు. దొర పోయేముందు ఇచ్చిపోయినాడు."

ఒర ఇనుముది, తోలు మెలితాడు చీకిపోయింది. పిడి చుట్టూ ఇత్తడి బుట్ట, పట్టుకు సొరచేప తోలు, దాని మీద తీగ చుట్లు కొన్ని ఊడాయి. వంక పెట్టడానికి వీల్లేనంత మంచి కత్తి. 1822 నమూనా, పదాతిదళం ఆఫీసర్లది. అలుగు మొదట్లో ఆరు కోణాల నక్షత్రం, మధ్యలో ఇత్తడి చుక్క. విల్కిన్సన్ అనే ఇంగ్లీషు కత్తుల కంపెనీవాళ్లు పరీక్షించి వేసే ముద్ర. వీపు మీద, పిడికి ఆనుకుని, నంబరు. 1854 నుంచి ఆ నంబర్ల రికార్డు ఉంది కాబట్టి ఏ ఏడు తయారైందో తెలుసుకోవచ్చు. ఇంకా దగ్గరగా చూస్తే బుట్టలో, కిరీటం కింద, ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు అక్షరాలు. వి, ఆర్. విక్టోరియా రాణి.

మా వాడు నావైపు చూశాడు. విక్టోరియా గద్దెనెక్కింది 1837లో. మన్రో అప్పటికే పోయి పదేళ్లు.

పెద్దాయనకు ఎలా చెప్పాలో తెలీక నేను నీళ్లు నములుతుంటే మనవడే ఫోన్లో చూసి చెప్పేశాడు. తాత చాలాసేపు ఆ అక్షరాలను వేలితో తడిమి, "అయితే మన్రో కొడుకు ఇచ్చింటాడు" అన్నాడు. 10 లక్షలు అడిగాడు. మా వాడు 40 వేలు అన్నాడు. "ఆ రేటుకు విక్టోరియా రాణే వచ్చి అడిగినా ఇయ్యనప్పా" అని తాత నవ్వి, కత్తి మళ్లీ గోడకెక్కించాడు.

మంగళవారం, అనంతపురం

గడియారస్తంభం వెనక వీధుల్లో పాత ఇనుప సామాను అంగళ్లు. ఒకచోట కుర్రాడు కరెంటు తీగల తొడుగు చీలుస్తున్నాడు. చేతిలో ఉన్నది బాయినెట్టు, తుపాకి మొనకు తగిలించే కత్తి. 17 అంగుళాల అలుగు, మొదట్లో కిరీటం, జార్జి రాజు గుర్తుగా జి.ఆర్., 1907 అనే నమూనా సంవత్సరం, కింద 17 అని తయారైన ఏడు, సాండర్సన్ అని షెఫీల్డు కంపెనీ పేరు. మొదటి ప్రపంచయుద్ధం నాటిది, నూరేళ్లు దాటింది. చాలామంది 1907 చూసి అదే తయారైన ఏడు అనుకుంటారు.

యజమాని కిలో లెక్కన అమ్మబోయాడు. మా వాడు వద్దని, ఇది ఫలానా అని చెప్పి, 4 వేలు ఇచ్చి, ఆధార్ జిరాక్సు తీసుకుని రసీదు రాయించుకున్నాడు. కుర్రాడికి తీగలు చీల్చడానికి కొత్త కత్తి ఒకటి కొనిచ్చాం. అది బాయినెట్టు అంత బాగా తెగదని వాడు ముఖం మీదే చెప్పాడు.

రాత్రి భోజనం చేస్తుంటే గుత్తి నుంచి మనవడి ఫోన్. "సార్, తాత సరే అన్నాడు. 60 వేలు ఇవ్వండి. రసీదులో మాత్రం మన్రో దొర కత్తి అని రాయాలంట."

"రాస్తే నేను కొనను తమ్ముడూ. రేపు ఆ రసీదు చూపించి నా నుంచి కొన్నవాడు ఇంకొకణ్ని ముంచుతాడు. 1822 నమూనా, విక్టోరియా ముద్ర, విల్కిన్సన్, వీపు మీద నంబరు, అంతే రాస్తాను. సంతకం తాతదే ఉండాలి."

అవతల ఏదో గొణుగుడు, ఫోన్ చేతులు మారింది. తాత గొంతు.

"రాణి పేరే రాసుకో నాయనా. దుడ్లు మాత్రం మన్రో లెక్కన ఇయ్యి."

55 వేలకు తెగింది.